పంపు గదిలోకి పోయే వత్తి

ఉరవకొండ దాటి కొంచెం దూరం పోతే రోడ్డుకి రెండు పక్కలా వేరుశనగ చేలు వాన కోసం ఎదురుచూస్తూ బీటలు తీసి పడి ఉంటాయి. వాటి మధ్య ఉన్నట్టుండి ఒక పచ్చటి ముక్క కనబడుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు మెడ తిప్పి మరీ చూస్తారు. ఎత్తయిన కాంపౌండు గోడ, గోడ మీద గాజు పెంకులు, గోడ దాటి పైకి లేచిన పామ్ చెట్లు. అది నా మరిది రాఘవేంద్ర ఇల్లు. మరిది అంటే నా చెల్లెలు సువర్ణ మొగుడు. సువర్ణ చచ్చిపోయింది కాబట్టి అతను ఇప్పుడు నాకు ఏమవుతాడో తెలియదు. అతను మాత్రం ఇంకా "వదినా" అనే పిలుస్తాడు, పని పడినప్పుడు.

ఈసారి పడిన పని మొక్కలకి నీళ్ళు పోయడం.

"అందరం ఊటీకి పోతాండాం వదినా. మొక్కలు చూసుకునేకి మనిషి కావాల. ఊర్లో ఎవర్నడిగినా రామంటాండారు. నువ్వయితే మన మనిషివి," అని ధర్మవరానికి ఫోన్ చేశాడు.

చెల్లెలు పోయిన ఇన్నేళ్ళకి నేను మన మనిషినయ్యాను. వస్తానని చెప్పాను.

ఎందుకు ఒప్పుకున్నానో ముందే చెప్పేస్తాను. సువర్ణ కూడా ఆ ఇంట్లో మొక్కలకి నీళ్ళు పోయడానికి ఒంటరిగా ఉండిపోయే చనిపోయింది. అప్పుడూ మే నెలే. అప్పుడూ వాళ్ళు ఊటీకే పోయారు. తిరిగొచ్చి చూస్తే మొక్కల మధ్య పడి ఉందన్నారు. వడదెబ్బ అన్నారు. అనంతపురం ఎండల్లో ఆడది చచ్చిపోతే వడదెబ్బ అన్నది చాలా మర్యాదస్తుల మాట. దాని తర్వాత ఎవరూ రెండో ప్రశ్న అడగరు. పైగా కుండీల్లో ఒక్క ఆకు కూడా వాడలేదట. "ప్రాణం పోయేదాకా మొక్కలకి నీళ్ళు పోసిందమ్మా, ఎంత మంచి ఇల్లాలు," అని చూడవచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

వాళ్ళు మెచ్చుకుంటూ ఉండగానే నేను దాని నోట్లో బియ్యం వెయ్యడానికి వంగాను. పళ్ళు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. పళ్ళ సందులో దారం. వేలితో లాగితే తెల్లటి నూలు పోగులు వచ్చాయి, నమిలి నమిలి పీచయిపోయినవి. ఎవరో నా భుజం పట్టుకుని పక్కకి జరిపారు. "పొద్దు పోతాండాది, కానీండి," అన్నారు.

ఎండకి సొమ్మసిల్లి మొక్కల మధ్య పడిపోయిన మనిషి దారం ఎందుకు నములుతుంది? ఆ ఒక్క ప్రశ్న అప్పటినుంచి నా పక్కలోనే పడుకుంటోంది. జవాబు ఆ గోడ లోపల ఉంది. అందుకే సంచీ సర్దుకుని బస్సెక్కాను.

నేను పోయేసరికి కారులో సామాన్లు ఎక్కిస్తున్నారు. ముందు సీట్లో రాఘవేంద్ర తల్లి చెన్నమ్మ అప్పుడే స్వెట్టరు తొడుక్కుని కూర్చుంది, నొసటి మీద చెమట కారుతున్నా.

"ఏమే జ్యోతిలక్ష్మీ, రాగిపిండి డబ్బాలో ఉండాది, ఊరగాయ ఉండాది. ఫ్రిజ్జు తలుపు ఊరికూరికే తియ్యద్దు, కరెంటు తింటాది," అంది.

"సరే అత్తా. ఊపిరి పీల్చుకోవచ్చునా?"

"మీ ఇంటి ఆడోళ్ళకి నాలుక మాత్రం బారెడు. నీ చెల్లెలూ ఇట్లే అంటాండె."

రాఘవేంద్ర నన్ను తోటంతా తిప్పాడు. క్రోటన్లు, ఆంథూరియాలు, కుండీల్లో గులాబీలు, మెత్తటి లాను. అవతల ఊర్లో టాంకరు వచ్చిందంటే బిందెల కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు. ఇక్కడ గడ్డికి నీళ్ళు చల్లి దాని మీద చెప్పుల్లేకుండా నడుస్తున్నాడు మహానుభావుడు. ఒక ఆంథూరియం ఆకు మీది దుమ్ముని పంచె కొసతో తుడిచాడు. పెళ్ళయిన కాలంలో సువర్ణ ముఖాన్ని అంత నెమ్మదిగా తాకి ఉంటాడని నేననుకోను.

"నేల మీది వాటికి పైపు పెట్టు. కుండీలకి మాత్రం పైపు వద్దు, వేరు కుళ్ళుతాది. వత్తులుండాయి చూడు. సువర్ణ ఏసినవే. మీ మగ్గాల బుద్ధి ఒగ దాంట్లోనన్నా పనికొచ్చింది," అన్నాడు.

ఇటుకల మీద పెద్ద నీలం డ్రమ్ము. దాని అంచు మీంచి లావుపాటి నూలు వత్తులు దిగి, నేల మీద పాకి, ఒక్కో కుండీలోకి ఒక్కటిగా ఎక్కి మట్టిలో దూరి ఉన్నాయి. మా ఇంట్లో మిగిలిన నూలు తీసుకుపోయి సువర్ణ పేనిన వత్తులు. ఒక కొస నీళ్ళలో, ఒక కొస మన్నులో. మన్ను తడిగా ఉంటే వత్తి ఊరుకుంటుంది. ఎండితే లాగుతుంది. ఎండినది లాక్కుంటుంది, తడిసినది ఇచ్చుకుంటుంది. అంతకన్నా దానికి వేరే నీతి లేదు.

"ఆ పైన కెమెరా ఉండాది. ఊటీలో కూచోని కూడా ఫోన్లో చూస్తాంటా," అని గోడ మీదికి చూపించాడు.

"నన్నా?"

"మొక్కల్ని."

తోట మూలన రేకు తలుపుతో ఒక చిన్న గది ఉంది. గడియకి తాళం. "అది..." అన్నానో లేదో, "పాత పంపు గది. ఆ బోరు ఎండిపోయినాక మూసేసినా. దాంతో నీకేమీ పన్లేదు," అన్నాడు. నేను ఇంకా అడగనే లేదు.

కారు బయల్దేరే ముందు వెనక సీట్లోంచి అతని కొత్త పెళ్ళాం నందిని దిగింది. నీళ్ళ బాటిలు మరిచిపోయానని చెప్పి వంటింట్లోకి వచ్చింది. బాటిలు ఆమె చేతి సంచీలోనే ఉంది. నా దగ్గరకొచ్చి చెవిలో గుసగుసగా అంది.

"అక్కా, మిట్టమధ్యాన్నం ఆ రేకు తలుపు దిక్కు పోవద్దు."

"ఎందుకమ్మా?"

"లోపల ఎవురో... నీళ్ళు పీలుస్తాండే చప్పుడు. చెప్తే ఈయన చెంప మీద కొట్టినాడు." బయట హారను మోగింది. ఆ పిల్ల ఉలిక్కిపడి, నా చెయ్యి పట్టుకుంది. "ఈ ఏడు కొత్త పెళ్ళికూతురని పిల్చుకపోతాండారు. వచ్చే ఏడు మొక్కలకి నన్నే పెడతారక్కా ఈడ."

కారు పోయింది. గేటు మూశాను. దూరంగా కొండల మీద గాలిమరలు తిరుగుతున్న మూలుగు తప్ప ఇంకేమీ వినబడటం లేదు.

ఆ సాయంత్రం డ్రమ్ము నింపి, వత్తులన్నీ సరిగ్గా మట్టిలో ఉన్నాయో లేదో ఒక్కొక్కదాన్నే పట్టుకుని చూసుకుంటూ పోయాను. ఒక వత్తి మాత్రం ఏ కుండీలోకీ ఎక్కలేదు. కుండీల వెనక గోడ మొదట్లో, రాలిన ఆకుల కింద పాకుతూ పాకుతూ పోయింది. నేనూ వంగి దాని వెంటే పోయాను. అది పంపు గది రేకు తలుపు కింది సందులోంచి లోపలికి వెళ్ళింది.

ముట్టుకున్నాను. తడిగా ఉంది.

ఎండిపోయిన గదిలోకి నీళ్ళెందుకు? ఎప్పటిదో మిగిలిపోయిన వత్తి అనుకుని లాగాను. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను. అది బిగిసింది. తర్వాత... అటువైపు నుంచి, నెమ్మదిగా, ఎవరో లాగారు.

వదిలేశాను. ఎలుక అనుకున్నాను. అనుకోవడానికి మనిషికి ఏదో ఒకటి కావాలి. నడుం దగ్గర ఎప్పుడూ ఉండే చిన్న కత్తెర తీసి వత్తిని తలుపు ముందర పుటుక్కున కత్తిరించి, చేతిలోని కొసని డ్రమ్ములోకే విసిరేసి లోపలికి వచ్చేశాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఎండ ఎంత తెల్లగా ఉందంటే నీడలు కూడా గోడల్లోకి దూరి దాక్కున్నాయి. కాకి అరవడం లేదు. గాలిమరలు ఆగిపోయాయి. కాలుతున్న రేకు వాసన, దాంతోపాటు ఏదో తడి బూడిద వాసన. మొక్కలు ఎట్లా ఉన్నాయో చూద్దామని గుమ్మం దిగాను.

క్రోటన్లు తలలు వాల్చేశాయి. కుండీలో వేలు పెట్టి చూస్తే మన్ను పొడిపొడిగా ఉంది. డ్రమ్ములో చూశాను. నిన్న సాయంత్రం అంచుదాకా నింపిన నీళ్ళు అడుక్కి పోయాయి. కుండీలు తాగలేదు. మరి ఎవరు తాగారు?

గోడ మొదట్లో ఆకులు పక్కకి తోశాను. నేను కత్తిరించిన వత్తి మళ్ళీ ఒక్కటిగా ఉంది.

ముడి వేసి లేదు. అతికి ఉంది.

ఇది మగ్గం ఇంటి పని, కొంచెం చెప్పాలి. చీర నేత అయిపోయాక కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించేటప్పుడు, పాత పోగు కొసకి కొత్త పోగు కొసని ఒక్కొక్కటిగా అతుకుతాం. వేళ్ళకి బూడిద అద్దుకుని రెండు కొసల్నీ కలిపి మెలి తిప్పితే చాలు. ముడి ఉండదు, లాగితే ఊడదు. ఆడవాళ్ళ పని అది. పొద్దస్తమానం వంగి కూర్చుని వేల పోగులు మెలి తిప్పుతాం, చీర మాత్రం మగవాడు నేశాడంటారు. నేనూ సువర్ణా పక్కపక్కనే కూర్చుని అతికేవాళ్ళం. నా మెలి కుడికి తిరుగుతుంది. దానిది ఎడమచేతి వాటం, మెలి ఎడమకి తిరుగుతుంది.

వత్తిని దగ్గరగా పట్టుకుని చూశాను. ఒక్కో పోగూ విడివిడిగా అతికి ఉంది. బూడిద ఇంకా తడిగా ఉంది. ప్రతి మెలీ ఎడమకే తిరిగి ఉంది.

అక్కడే ఆకుల్లో కూలబడ్డాను. అప్పుడు వినబడింది. తలుపు కింద నుంచి, నేలకి ఆనిన పెదాల నుంచి వచ్చినట్టు...

చుర్... చుర్...

ఆగింది.

చుర్...

దాహంతో ఉన్న దూడ పొదుగు కుమ్మినట్టు, నా చేతిలో వత్తి చిన్నగా అదిరింది.

లేచి పరిగెత్తాను. తలుపు వేసుకుని, గడియ పెట్టుకుని, వంటింటి గోడకి ఆనుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ఒక మాట తోచింది. బతికున్న రాఘవేంద్ర ఇంట్లో ఒంటరిగా ఉండటానికి భయపడని దాన్ని, చచ్చిపోయిన నా చెల్లెలికి ఎందుకు భయపడాలి? అది నన్నేమైనా అడిగిందా? నీళ్ళేగా తాగుతోంది.

తలుపు తీసుకుని మళ్ళీ ఎండలోకి పోయాను. డ్రమ్ము నింపాను. పంపు గది ముందు మోకాళ్ళ మీద కూర్చుని నోరు నేలకి దగ్గరగా పెట్టాను.

"సువర్ణా... తాగమ్మా."

చప్పుడు ఆగిపోయింది. తలుపు సందులోంచి నా ముఖం మీదికి సెగ వచ్చింది. ఇటుక బట్టీ ముందు నిలబడితే వచ్చే సెగ. తర్వాత మళ్ళీ మొదలైంది... ఈసారి ఆత్రంగా, గుటకలు గుటకలుగా.

ఒక్క వత్తి దానికేం సరిపోతుంది? నేను లేచి కుండీల దగ్గరికి పోయాను. ఆంథూరియం మట్టిలోంచి వత్తి పీకాను. గులాబీల్లోంచి పీకాను. క్రోటన్లలోంచి పీకాను. పొయ్యిలోంచి బూడిద తెచ్చుకుని, వత్తికి వత్తి అతికి పొడుగు చేశాను. నా మెలి కుడికి, దాని మెలి ఎడమకి. ఒక్కో కొసనీ రేకు తలుపు కిందికి తోశాను. తోసిన ప్రతి కొసనీ అటువైపు ఎవరో అందుకున్నారు, చంటిపిల్ల వేలు పట్టుకున్నట్టు మెత్తగా.

ఆ తర్వాత నా పని ఒక్కటే, డ్రమ్ము నింపడం. నింపుతూనే ఉన్నాను. అది తాగుతూనే ఉంది. పైపు కూడా తోట వైపు తిప్పలేదు. లాను పసుపు పచ్చబడింది, తర్వాత చాప రంగుకి తిరిగింది. ఆంథూరియం ఎర్రపూలు నల్లగా ముడుచుకుపోయాయి. చూస్తుంటే చల్లగా ఉండింది నాకు.

ఫోన్ మోగింది.

"వదినా, ఏమి చేస్తాండావు ఆడ? ఆంథూరియాలు వాలిపోయినాయి!"

"ఎండ కదప్పా. ఊటీలో తెలీదులే."

"వత్తులు యాల పీకినావు? నేను చూస్తాండా ఈడ్నుంచి. అవన్నీ పంపు గదిలేకి యాల పోతాండాయి?"

"దప్పికయిన చోటికి పోతాండాయి. అవునప్పా, నా చెల్లెలు పోయినప్పుడు కూడా ఆ కెమెరా ఉండెనా?"

అటువైపు టీ గ్లాసుల చప్పుడు, ఎవరో నవ్వడం, ఊటీ గాలి.

"రేపు పొద్దుగూకేటప్పటికి ఈడుంటా. నీ సంగతి అప్పుడు చెప్తా," అని పెట్టేశాడు.

మర్నాడు నేను డ్రమ్ము నింపలేదు. షెడ్డులోంచి గడ్డపార తెచ్చి పంపు గది తాళం పగలగొట్టాను. తలుపు తీస్తే చీకటి ముఖానికి కొట్టింది. పాత ఆయిలు వాసన, తుప్పు వాసన. కళ్ళు అలవాటు పడ్డాక చూశాను.

గదిలో ఎవరూ లేరు. నేల పొడి దుమ్ము. అన్ని డ్రమ్ముల నీళ్ళు పోసినా ఒక్క చుక్క తడి లేదు. వత్తులన్నీ గది మధ్యలో ఒక్కచోట చేరి ఉన్నాయి. కొసలు నమిలి ఉన్నాయి.

తలుపుని లోపలివైపు నుంచి చూశాను. రేకు కింది భాగం బయటికి ఉబ్బి ఉంది, మడమతో తన్నిన సొట్టలు, ఒకదాని మీద ఒకటి. గడప దగ్గర సిమెంటు గీరి, గీరి, రెండు వేళ్ళు పట్టే సందు చేసి ఉంది. సందులో పగిలిన గాజు ముక్కలు. ఆకుపచ్చ మట్టిగాజులు. ఆ రంగు గాజులు దానికి నేనే తొడిగించాను.

అయితే మొక్కల మధ్య కాదు. ఇక్కడ. బయట గడియ పెట్టిన ఈ గదిలో. బయట డ్రమ్ము నిండా నీళ్ళు, ఒక్కో మొక్కకీ ఒక్కో వత్తి. నా చెల్లెలు ఆ సందులోంచి రెండు వేళ్ళతో ఒక వత్తిని అందుకుని, లోపలికి లాక్కుని, నోట్లో పెట్టుకుంది. వత్తి ఆకుకి సరిపోయేటంత ఇస్తుంది. మనిషికి సరిపోయేటంత ఇవ్వదు.

నాకు ఏడుపు రాలేదు. గాజు ముక్కలు ఏరి గది మధ్యలో కుప్ప పెట్టాను. అప్పుడు నా మెడ వెనక ఆ సెగ మళ్ళీ తగిలింది. చెవి దగ్గర... ఎండిన ఆకు నలిగినట్టు ఒక గొంతు.

"వస్తాండారా?"

నేను వెనక్కి తిరగలేదు.

"వస్తాండారమ్మా," అన్నాను.

పొద్దు గుంకుతుండగా కారు వచ్చింది. రాఘవేంద్ర దిగీ దిగగానే ఎండిన లాను మధ్య నిలబడి తల పట్టుకున్నాడు. చెన్నమ్మ మెట్టు మీద కూలబడి, "అయ్యో నా ఇల్లు బుగ్గయిపాయె," అని మొదలుపెట్టింది. నందిని కారు పక్కనే నిలబడిపోయింది.

"ఏమి మనిషివి నువ్వు? బిడ్డల మాదిరి పెంచుకున్నా!" అంటూ నా మీదికి వచ్చాడు.

"నా చెల్లెలు యాడ చచ్చిపోయింది రాఘవేంద్రా?"

"చెప్పింటిమి కదా అప్పుడే..."

"పంపు గదిలో గాజులెవరివి?"

అతను తలుపు వైపు చూశాడు. తెరిచి ఉంది. ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. చెన్నమ్మ ఏడుపు కూడా టక్కున ఆగింది.

"పుట్టింటికి పోతానని పేచీ పెట్టింది. మొక్కలకెవరుంటారు మరి? ఒగ పూట ఉంచితే బుద్దొస్తాదనుకున్నా. తాళంచెవి మేకుకు తగిలించినా. పాలోడికి ఫోన్ చేసి తియ్యమని చెప్పమ్మా అని అమ్మకు చెప్పినా," అన్నాడు.

"నాకెప్పుడు చెప్పినావురా?" చెన్నమ్మ లేచింది. "నువ్వే చెప్పింటావనుకున్నా నేను!"

"కారులో చెప్పలే? ఘాటు రోడ్డు కాడ?"

"ఘాటు రోడ్డు కాడ నాకు వాంతులైతాండె! నీ మాట యాడ వింటి?"

అదీ సంగతి. చంపాలని కూడా అనుకోలేదు. అంత శ్రద్ధ కూడా పెట్టలేదు దాని మీద. మొక్కలకి మాత్రం వత్తులున్నాయా లేవా అని రెండుసార్లు చూసుకుని పోయారు.

"కెమెరాలో రోజూ చూసినావు కదా," అన్నాను.

"చూసినా. కుండీల్లో మొక్కలు బాగుండె. ఒగ వత్తి మాత్రం తలుపు కింద కదుల్తాండె..." ఆగాడు. "ఎలుక అనుకున్నా."

అని, నన్ను పక్కకి తోసి పంపు గది వైపు నడిచాడు. గాజు ముక్కలు ఏరి పారేయడానికే. తప్పు చేసిన మగవాడికి ముందు గుర్తొచ్చేది శుభ్రం. లోపలికి వంగాడు. కుప్ప దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

కరెంటు పోయింది.

ఇంట్లో, గేటు మీద, దూరంగా ఊర్లో, అన్ని లైట్లూ ఒక్కసారే.

"నందినీ, ఫోన్లో లైటెయ్," గదిలోంచి అతని గొంతు.

నందిని చేతిలో ఫోన్ ఉంది. ఆమె దాన్ని చూసింది. చీర కుచ్చిళ్ళలో దోపుకుంది.

"ఏయ్... కాలికేందో చుట్టుకునింది."

ఎవరూ కదల్లేదు.

"ఈ వత్తులు... ఏయ్, తియ్యండే..."

చుర్...

నేలమీద వత్తులు బిగుసుకున్నాయి. నా పాదం పక్కనే ఉన్న వత్తి పొడిగా ఉండాల్సింది. తడిసింది. వెచ్చగా.

చుర్... చుర్...

"నీళ్ళు," అన్నాడు. అతని గొంతు అప్పుడే మారిపోయింది. "ఎవురన్నా... నీళ్ళు తాండి."

నా వెనక ఇంకో చప్పుడు. టప్. టప్. టప్. తర్వాత సన్నటి ధార. ఖాళీ డ్రమ్ములో నీళ్ళు పడుతున్న చప్పుడు. పొద్దున్నుంచి నేను నింపలేదు. దాని అడుగున మట్టి పొర కూడా ఎండి పెచ్చులు లేచి ఉంది.

ఎండినది లాక్కుంటుంది. తడిసినది ఇచ్చుకుంటుంది.

"నీళ్ళమ్మా... మా..."

చెన్నమ్మ చీకట్లో తడుముకుంటూ చెంబు పట్టుకుని డ్రమ్ము దగ్గరికి పరిగెత్తింది. ముంచింది. ప్రయాణం, ఎండ, ఏడుపు, ఆమె గొంతూ ఆరిపోయి ఉంది. ముందు తానే ఎత్తి గడగడా తాగింది. మూతి తుడుచుకుంది.

"ఇదేందే, ఉప్పగా ఉండాయి. బోరు మళ్ళీ ఉప్పు తిరిగినట్టుండాది," అంది.

చెన్నమ్మ చెంబు ముంచుకుని కొడుకు దగ్గరికి పోయింది. లోపలినుంచి గుటకలు వినబడ్డాయి. ఎవరి గుటకలో చీకట్లో తెలియలేదు. తర్వాత అవీ ఆగిపోయాయి.

కరెంటు వచ్చింది.

అతను తలుపుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా రెండు సైజులు పెద్దదయినట్టు వేలాడుతోంది. పెదాలు పళ్ళ మీంచి వెనక్కి పోయాయి. చెంబు అతని ఒళ్ళో బోర్లా పడి ఉంది. నీలం డ్రమ్ము అంచుదాకా నిండి, సన్నగా ఆవిరి కక్కుతోంది.

ఆస్పత్రిలో ప్రాణం ఎప్పుడో పోయిందన్నారు, ఒంట్లో నీరు బొత్తిగా లేదన్నారు. చలి ప్రదేశం నుంచి ఒక్కసారిగా ఎండలోకి వచ్చాడు కాబట్టి అట్లా అయిందన్నారు. కాగితం మీద రాయడానికి వాళ్ళకీ ఒక మాట కావాలి కదా. చెన్నమ్మ ఆ కాగితం మడిచి రొంటిన దోపుకుంది. నందిని నగలు కూడా తీసుకోకుండా గుమ్మఘట్ట దగ్గర పుట్టింటికి పోయింది. పోయే ముందు ఆ డ్రమ్ముని తానే ఒక్క తోపుతో బోర్లా తోసింది. ఆ నీళ్ళు నేలలో ఇంకడానికి చాలాసేపు పట్టింది. మేమిద్దరం నిలబడి ఇంకేదాకా చూశాం.

నేను ధర్మవరం వచ్చేశాను. మళ్ళీ పోగులు అతుక్కుంటున్నాను.

ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి నాకు దాహం వెయ్యడం లేదు. ఈ ఎండల్లో, రేకుల కింద, పొద్దంతా వంగి పని చేసినా నాలుక తడిగానే ఉంటోంది. పొద్దున లేచేసరికి పెదాల మీద తడి. పక్కన చెంబు పెట్టుకుంటాను, ముట్టకుండానే సాయంత్రానికి పారబోస్తాను. మొదట్లో అది నా చెల్లెలి దయ అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం మా పక్కింటి బయమ్మ బిందె పట్టుకుని వచ్చింది. ఆమె మొగుడు అంజినప్ప చెయ్యి ఎంత దూరం పోతుందో మా వీధికంతా తెలుసు. ఆమె కంటి కింద కొత్తగా కమిలి ఉంది.

"అక్కా, మీ ఇంట్లో నీళ్ళుండాయా? పొద్దున్నుంచి మా ఆయన బిందెలకి బిందెలు తాగుతాండాడు. ఎంత తాగినా దప్పిక తీరలేదంట," అంది.

గోడ అవతల నుంచి అంజినప్ప పిలుస్తున్నాడు. గొంతు గరగరలాడుతోంది.

నేను నోరు మూసుకుని నాలుక తిప్పి చూసుకున్నాను. తడి. కొంచెం ఉప్పగా.

బిందె నింపి ఆమె ముందు పెట్టాను. బయమ్మ బిందెని చూసింది. గోడ వైపు చూసింది. అవతల పిలుపు సన్నబడుతోంది.

ఆమె బిందె ఎత్తలేదు. చెంగుతో ముఖం తుడుచుకుని, నా పక్కన మగ్గం గుంట అంచు మీద కూర్చుంది.

"రవ్వంతసేపు ఈడ కూచుంటాలే అక్కా," అంది.